దీవికి ఎగువ నుంచి ఇసుక రాదు

రండి రండి, అరుగు మీద చోటుంది. చిన్నోడా, ఆ చెప్పులు పక్కకు పెట్టి కూసో. సర్వపిండి తింటూ వినుడే, నాకేం ఇబ్బంది లేదు. ఇయ్యాల సముద్రం ముచ్చట చెప్తా.

నవ్వుతున్నరేందిరా? జనగామలో కూసోని సముద్రం గురించి మాట్లాడుడేంది అనా? సముద్రం చూడాలంటే మనం రాత్రంతా రైల్లో పోవాలె, నిజమే. కానీ మన జాగలోంచి ప్రతి ఏడూ సముద్రానికి పోయేది ఒకటుంది. టికెట్ కొనదు, తొందరపడదు. చెప్పుండ్రి చూద్దాం... ఆఁ, మా బిడ్డ చెప్పింది. ఇసుక!

మన గుట్టల మీది బండలు చూస్తరు గదా, అందులో రకరకాల గింజలుంటయి. కొన్ని మెరుస్తయి, కొన్ని గులాబి రంగుల ఉంటయి, కొన్ని తెల్లగా గాజు ముక్కల్లెక్క ఉంటయి. ఎండకు కాగి, వానకు నాని బండ చిట్లినప్పుడు రంగు గింజలు మెల్లగా మెత్తబడి మట్టయితయి. ఆ తెల్లటి గట్టి గింజ మాత్రం అంత తొందరగా లొంగదు. దాన్ని క్వార్ట్జ్ అంటరు. మన వాగుల్లో కాలికి గరగర తగిలే ఇసుకలో ఎక్కువ పాలు అదే. మహబూబాబాద్ దిక్కు ఆకేరులో వరదొస్తే ఆ ఇసుక దొర్లుకుంట మున్నేరులోకి, అక్కడి నుంచి కృష్ణలోకి పోతది. భూపాలపల్లి దిక్కు కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తది. అక్కడి ఇసుక భద్రాచలం, రాజమండ్రి దాటి కాకినాడ దాకా పోతది. ఒక్క వరదకే పోదురా. ఈ ఏడు కొంత దొర్లుతది, ఒక మలుపు కాడ పండుకుంటది, మళ్ల వరదొస్తే లేస్తది. ఎన్ని తరాలకు చేరుతదో!

చేరినంక ఏం చేస్తది? అక్కడ ఒడ్డును నిలబెడతది. మీ నాయినమ్మ కాలంలో ఇండ్లల్ల గుమ్మి ఉండేది, వెదురుతోని అల్లి పేడతో అలికి వడ్లు పోసుకునేటిది. ఏడాదంతా తీసుకుంట తింటరు, కోతలైనంక మళ్ల నింపుతరు. సముద్రపు ఒడ్డు అట్లాంటి గుమ్మే. అలలు రోజూ కొంచెం కొంచెం ఇసుక తీసుకపోతనే ఉంటయి. తుపానొస్తే ఒక్కసారే గంపలకు గంపలు ఎత్తుకపోతయి. నది వచ్చి మళ్ల పోస్తది. తీసినంత పోస్తే ఒడ్డు ఉన్నకాడ ఉంటది. ఎక్కువ పోస్తే ముందుకు జరుగుతది, కాకినాడ ఎదురుగ ఉన్న హోప్ ఐలాండ్ అట్ల గోదావరి మేటతోనే పుట్టింది. తక్కువైతే సముద్రం ఊర్లోకొస్తది. ఈ లెక్క ఒక్కటి మనసుల పెట్టుకుంటే ఇగ మిగతా ముచ్చటంతా దానంతటదే అర్థమైతది.

మరి నడి సముద్రంలో దీవి ఉంటది. దానికి గోదావరి లేదు, కృష్ణ లేదు. దాని గుమ్మి ఎవరు నింపుతరు?

అండమాన్ దీవుల సంగతి చూడుండ్రి. విశాఖపట్నం నుంచి దగ్గర దగ్గర 1200 కిలోమీటర్లు. ఓడలో పోతే మూడు రోజులదాకా నీళ్లే నీళ్లు. బర్మాలోని అరకాన్ కొండల వరస సముద్రంలోకి దిగి, అడుగున సాగి, సుమత్రా దిక్కు పోతది. నీళ్లపైకి తేలిన ఆ కొండల తలకాయలే అండమాన్ నికోబార్ దీవులు. చిన్నయి పెద్దయి కలిపి ఎనిమిది వందల పైచిలుకు. మనుషులుండేటివి ముప్పై చిల్లర. పెద్ద దీవుల్ల వాగులైతే ఉన్నయి గానీ, అండమాన్ దిక్కు చెప్పుకోదగ్గ నది అంటే ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ ఒకటి. అదీ చిన్నదే.

అయినా అక్కడ ఒడ్లు తెల్లగా మెరుస్తుంటయి. ఆ ఇసుకలో చాలామట్టుకు బండలోంచి వచ్చింది కాదు. పగడపు దిబ్బలు విరిగి, గవ్వలు నలిగి, సున్నపు ఒళ్లుండే సముద్రపు నాచు పొడి అయి, కంటికి కనపడనంత చిన్న జీవుల పెంకులు కలిసి అయింది. అన్నిటికన్నా తమాషా చెప్తా వినుండ్రి. చిలుకచేప అని ఒకటుంటది, దాని నోరు ముందుకొచ్చి ముక్కులెక్క ఉంటది. నాచు కోసం పగడాన్ని కరకర కొరుకుతది. కడుపులో నాచు అరుగుతది, సున్నం అరగదు. అది మెత్తటి ఇసుకై వెనక నుంచి వస్తది! నవ్వుండ్రి నవ్వుండ్రి, ఫొటోలు దిగేటోళ్లకు ఈ సంగతి తెల్వదు. పెద్ద చేప ఒక్కటి ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తది.

కావాలంటే ఇంట్లనే ఒక పరీక్ష చేయుండ్రి. అమ్మనడిగి కోడిగుడ్డు పెంకు తీసుకోండి, దాని మీద నిమ్మరసం పిండండి. సన్నసన్న బుడగలొస్తయి. పులుపు తగిలి సున్నం కరుగుతుంటే గాలి బయటికొస్తున్నదన్నట్టు. గవ్వ మీద పిండినా అంతే, పగడపు ఇసుక మీద పిండినా అంతే. మన వాగు ఇసుకలో మెరిసే గట్టి గింజ మీద పిండితే ఏం కాదు, ఉలకదు పలకదు. చూడనీకి రెండూ ఇసుకే, పుట్టుక వేరు. మనది గుట్టల్లో పుట్టింది, వాళ్లది బతికున్న జీవుల ఒంట్లో పుట్టింది. అంటే పగడం బతికితేనే దీవికి ఇసుక. అది పెరిగేది ఎంత మెల్లగా అనుకున్నరు? గుండుగా ఉండే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటిటు పెరుగుతయి.

ఇగ మనుషుల రాక చెప్తా. అక్కడ వేల ఏండ్ల నుంచి అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినలీలు ఉన్నరు. వేటాడి, చేపలు పట్టి, తేనె తీసి బతికిన్రు. సిమెంటు ఇండ్లు కట్టలేదు, ఒడ్డు ఇసుకతో వాళ్లకు పనిపడలేదు. 1858లో ఇంగ్లీషోళ్లు ఖైదీలను ఓడల్లో తోలుకొచ్చి పోర్ట్ బ్లెయిర్ కాడ దించిన్రు. మన హైదరాబాద్ రెసిడెన్సీ మీద 1857 జూలై 17న తిరగబడ్డరు గదా, అందులో తుర్రెబాజ్ ఖాన్‌తోపాటు ముందున్న మౌల్వీ అల్లాఉద్దీన్‌ను అక్కడికే పంపిన్రు. పాపం, అక్కడే పోయిండు. ఆ శిక్షనే కాలాపానీ అనేటోళ్లు, ఆ పేరంటే మన తాతలు అందుకే వణికేటోళ్లు.

స్వతంత్రం వచ్చినంక ఓడలు వేరే తీరుగ నిండినయి. తూర్పు బెంగాల్ నుంచి ఇల్లూ వాకిలీ పోయినోళ్లు, తమిళులు, మలయాళీలు, రాంచీ దిక్కు ఆదివాసులు అక్కడికి చేరిన్రు. మన తెలుగోళ్లు తక్కువ పోలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ఒడ్డు పల్లెల నుంచి వలలు భుజానేసుకుని పోయిన బెస్తలు, ఓడరేవు పనికి, కట్టడాల పనికి పోయిన కూలీలు అక్కడే స్థిరపడ్డరు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తెలుగు మాట్లాడేటోళ్లు దగ్గర దగ్గర 50 వేలు, నూటికి పదముగ్గురు. మొత్తం జనం 1951లో 31 వేలుంటే, 2011 నాటికి 3 లక్షల 80 వేలు. అరవై ఏండ్లల్ల పన్నెండింతలు!

వచ్చినోళ్లది తప్పు అంటలేను బిడ్డా. బతుకు వెతుక్కుంట పోయినోళ్లను తప్పెట్ల పడతం? మన దిక్కు నుంచి బొంబాయి పోలేదా, దుబాయి పోలేదా? కాకపోతే మనిషి ఎక్కడికి పోయినా ఒక ఇల్లు కావాలె. ఇల్లంటే స్లాబు, స్లాబంటే ఇసుక. ఇక్కడైతే ఆకేరు కాడికి ట్రాక్టరు పంపుతం. అక్కడ? కండ్ల ముందల ఒడ్డు మీద తెల్లగా పోసి ఉన్నది, తట్ట పెట్టి ఎత్తుడే! ఇండ్లకు, బడులకు, జెట్టీలకు, రోడ్లకు ఏండ్ల తరబడి ఎత్తిన్రు. పైగా ఉప్పు సరిగ కడగకుంటే ఆ ఇసుకతో కట్టినదాంట్ల సలాకలు తొందరగా తుప్పు పడతయి. అటు ఒడ్డూ పాయె, ఇటు ఇల్లూ నిలవకపాయె.

గుమ్మి లెక్క యాదికి తెచ్చుకోండి. చిలుకచేప ఏడాదంతా కొరికి చేసింది ట్రాక్టరుకు ఒక మూలకు రాదు. తీసుడు లారీలతోని, పోసుడు చేప నోటితోని. అడుగు కనపడకుండ ఉంటదా? ఒడ్డు పలచబడినకాడ అల నేరుగ వచ్చి చెట్ల మొదళ్లకు కొడతది. అక్కడ ఒడ్డు పొంటి సముద్రపు ఇప్ప అని పెద్ద చెట్లుంటయి. మన భూపాలపల్లి అడవిలో పూలు రాల్చే ఇప్ప ఉంటది గదా, దాని కుటుంబమే. ఉప్పుగాలికి ఓర్చుకుంట, వేర్లతో ఇసుకను పట్టుకుని ఉంటది. కింది ఇసుక పోతే అంత చెట్టూ ఒరిగి సముద్రంలో పడుతది. చెట్టు పడ్డకాడ ఇంకింత ఒడ్డు కోసుకపోతది.

ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు శేఖర్ సింగ్ అనే ఆయనను పంపి అన్నీ చూసి రమ్మన్నది. ఆయన నివేదిక చూసినంక 2002 మే 7న హుకుం ఇచ్చింది. ఇసుక తవ్వుడు ఏటేటా తగ్గించుకుంట, ఐదేండ్లలోపల అప్పుడు తవ్వేదాంట్ల మూడో వంతుకు తేవాలె అని. అడవి నరుకుడుకు కూడా గట్టి కట్టడి పెట్టింది.

అడవికీ ఒడ్డుకూ ఏం సంబంధం అంటవా? మంచి ప్రశ్న. అక్కడ ఏడాదికి మూడు మీటర్ల వాన పడతది. మన జనగామ వానకు మూడింతల పైన! చెట్లుంటే ఆకుల మీద పడి, వేర్ల మీదుగ మెల్లగా దిగుతది. సాగు కోసమో, రోడ్డు కోసమో కొండ నరికితే ఎర్రమట్టి నీళ్లు నేరుగ సముద్రంలోకి దిగి పగడాల మీద పేరుకుంటయి. పగడం లోపల సన్న నాచు కాపురముంటది, ఎండ తగిలితేనే అది పగడానికి తిండి చేసి పెడతది. మట్టి కప్పితే ఎండ పడదు, తిండి ఆగుతది. పగడం చస్తే ఇసుక పుట్టుడు ఆగుతది, అలలకు అడ్డం కూడా పోతది. సముద్రం వేడెక్కినప్పుడు అయితే ఆ నాచు ఇల్లు ఖాళీ చేసి పోతది, పగడం తెల్లబోతది. అండమాన్‌లో 1998లో, 2010లో అట్లనే అయింది. సముద్రం అట్ల వేడెక్కుడులో ఓడ ఎక్కని మనందరి పొగకు కూడా పాలు ఉందన్నట్టు.

మనుషులు ఒక్కళ్లే రాలేదు, ఓడల్లో జీవాలను కూడా తెచ్చిన్రు. ఇంగ్లీషోళ్లు వేటాడుకుందామని చుక్కల జింకలను తెచ్చి వదిలిన్రు. అక్కడ పులి లేదు, చిరుత లేదు. జింకలకు ఈత వచ్చు, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదుకుంట పోయినయి. పోయిన ప్రతిచోట మొలిచిన మొక్కను మొలిచినట్టే తింటున్నయి. ముసలి చెట్టు పడితే దాని జాగల లేచే పిల్ల చెట్టు లేకపాయె. దుంగలు లాగనీకి ఏనుగులను కూడా తెచ్చిన్రు. గజేంద్రుడి కథ తెలుగు చేసిన పోతన మన జనగామ జిల్లా బమ్మెరలో పుట్టిండంటరు గదా, ఆయన ఈ ఏనుగులను చూస్తే ఏం రాసేటోడో! ఇంటర్వ్యూ ఐలాండ్ అనే దీవిలో 1960ల మొదట్ల కలప వ్యాపారం మూతపడితే ఏనుగులను అక్కడే ఇడిచిపెట్టి పోయిన్రు. అవి అడివి ఏనుగులై బెరడు ఒలుచుకుంట, పేము నములుకుంట బతికినయి. జపాన్ వాళ్లు 1942 నుంచి 1945 దాకా దీవులను ఏలిన కాలంలో ఆఫ్రికా పెద్ద నత్త దిగింది. అది ఇప్పటికీ పంటలు తింటున్నది.

కుక్కల సంగతి వేరే చెప్పాలె, అది తాబేళ్లతో ముడిపడి ఉంది. ఆ ఒడ్ల మీద నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతయి. లెదర్‌బ్యాక్ అని ఒకటుంది, గట్టి చిప్ప ఉండదు, వీపు మీద తోలే. నాలుగైదు క్వింటాళ్ల బరువు తూగుతది. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన తాబేళ్లకు మన శాస్త్రవేత్తలు ఉపగ్రహానికి కబురు పంపే యంత్రాలు అంటించి చూసిన్రు. కొన్ని ఆస్ట్రేలియా దిక్కు పోయినయి, కొన్ని అటు ఆఫ్రికా ఒడ్డు దాకా పోయినయి! పాస్‌పోర్టు లేదు, పటం లేదు. అంత సముద్రం తిరిగి, గుడ్లు పెట్టే కాలానికి మళ్ల ఆ దిక్కుకే వస్తయి. వచ్చి చూస్తే ఒడ్డు లేకపోతే? ఇసుక పలచగ ఉంటే గుంత తవ్వరాదు, నీళ్లు తగిలితే గుడ్లు మురుగుతయి. ఇంకో తమాషా ఉంది, గుడ్డులోంచి ఆడదొస్తదా మగదొస్తదా అనేది ఇసుక వేడిని బట్టే. వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ పుడతయి. చెట్టు నీడ పోతే ఆ లెక్క కూడా తప్పుతది. ఇన్ని గండాలు దాటి పెట్టిన గుడ్లను మనిషి వెంట వచ్చి ఊరిమీద పడ్డ కుక్కలు వాసన పట్టి తవ్వి తింటయి.

అన్నీ మనిషి మీదనే వేసుడు కూడా న్యాయం కాదు. 2004 డిసెంబరు 26న భూమి అడుగున పలక జరిగి సునామీ వచ్చింది, మీ అమ్మానాన్నలకు యాదుంటది. ఆ రోజు అండమాన్ నికోబార్ దీవుల వరసంతా ఒక దిక్కు లేచి ఒక దిక్కు మునిగింది. దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కిందికి దిగి, నేల మీదున్న లైట్‌హౌస్ నీళ్లల్ల నిలబడ్డది. ఉత్తరాన నేల పైకి లేచి, నీళ్లల్ల ఉండాల్సిన పగడపు దిబ్బలు ఎండకు తేలి చచ్చిపోయినయి. భూమి తలుచుకుంటే మన ట్రాక్టర్లు ఏపాటి! కానీ ఒకటి చూడుండ్రి. భూమి అట్ల కదిలేది ఎప్పుడో ఒకసారి. దిబ్బ, ఒడ్డు, చెట్టు గట్టిగ ఉంటే దీవి మళ్ల మెల్లగా కోలుకుంటది. ముందే గుమ్మి ఊడ్చి పెట్టుకున్నోడికి కరువొస్తేనే కష్టం.

తెలుగోళ్లు పోయిన దీవి ఇంకోటి చెప్పకపోతే ముచ్చట పూర్తి కాదు. అదే మారిషస్. 1834 నుంచి చెరకు తోటల పనికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తీసుకపోయిన్రు. కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి తెలుగోళ్లూ పోయిన్రు. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటరు. కోరంగి ఎక్కడనుకున్నరు? కాకినాడ పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసేకాడ. తుపాన్లు కొన్ని కొట్టినయి, గోదావరి మేట కూడా నిండింది, అంత పెద్ద రేవూ మూతపడ్డది. కాళేశ్వరం దాటిపోయిన ఇసుకకు అందులో ఎంతో కొంత పాలు ఉండకపోదు!

ఆ ఇసుక వదలని రేవు నుంచి పోయినోళ్లు చేరిందేమో ఇసుకకు కరువున్న దీవికి. మారిషస్ చుట్టూ పగడపు దిబ్బ గోడ కట్టి ఉంటది, దానికీ ఒడ్డుకూ నడుమ నీళ్లు నిలకడగ ఉంటయి. చెరకు కోసం అడవి కొట్టిన్రు, కొట్టిన నేల మట్టి ఆ నీళ్లల్లకు దిగింది. జనం పెరిగి, తర్వాత హోటళ్లు పెరిగి, కట్టడాలకు ఆ నీళ్ల అడుగు నుంచే ఏండ్ల తరబడి పగడపు ఇసుక తోడిన్రు. చివరికి 2001లో తోడుడు బందు పెట్టిన్రు. అండమాన్‌లో 2002, మారిషస్‌లో 2001. నడుమ ఇంత సముద్రం ఉండంగా ఇద్దరికీ ఒక్కసారే బుద్ధొచ్చిందంటే ఏంది అర్థం? రెండు దీవులకూ ఎగువ లేదు, పోసేటోడు లేడు.

మరి దీవుల్ల మనుషులు ఉండొద్దా తాతా అంటరా? ఎందుకుండొద్దు? నికోబార్‌లో నికోబారీలు ఎన్ని తరాల నుంచో ఉన్నరు. గుంజల మీద గుండ్రటి ఇల్లు కట్టి, పైన గడ్డి కప్పి, కింద గాలి ఆడనిచ్చి బతికిన్రు. ఒక్క తట్ట ఒడ్డు ఇసుక అక్కర పడలేదు. స్లాబే కావాలంటే బండను పొడి చేసి వాడుకోవచ్చు, ఇప్పుడు మన దిక్కు కూడా అది వాడుతున్నరు గదా. ఇల్లు ఒడ్డుకు కొంచెం ఎడంగ కడితే అలకు ముందుకు వెనుకకు జరగనీకి జాగ దొరుకుతది. మడ చెట్లను ఉండనిస్తే అవి బురదను పట్టి ఆపుతయి. గుడ్ల కాలంలో కుక్కలను కట్టేస్తే తాబేళ్లకు చాలు. ఇవేమీ గొప్ప విద్యలు కావురా, లెక్క తెలిసి మసులుకునుడే.

ఇగ అసలు ముచ్చటకొస్తా. ఎగువ నుంచి ఇసుక వచ్చే మన తీరాలకేం ఢోకా లేదని మనం అనుకుంటున్నం. కానీ గోదావరి సముద్రానికి మోసుకపోయే మట్టీ ఇసుకా 1970లకూ 1990లకూ నడుమనే సగానికి పైగా తగ్గినయి. ఆనకట్టల వెనకాల నీళ్లతోపాటు ఇసుక కూడా ఆగుతది గదా. శ్రీరాంసాగర్ ఉంది, ఉపనదుల మీద ఎన్నో ఉన్నయి, ఆ తర్వాత 2019లో భూపాలపల్లి జిల్లాలోనే మేడిగడ్డ వచ్చింది. నీళ్లు కావాలె, ఎండిన జనగామోళ్లం మనం కాదంటమా? దేవాదుల ఎత్తిపోతల నీళ్లు రాకముందు చెరువులెట్లుండెనో మీ నాయినను అడుగుండ్రి. కానీ పోసుడు తగ్గితే గుమ్మి తగ్గుతది, ఇది లెక్క. కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఇండ్లను, రోడ్డును కోసుకుంట వస్తనే ఉంది. గోదావరి ఉండి కూడా ఆ ఒడ్డు ఇప్పుడు దీవి తీరుగనే ఉన్నదాంతోని నెట్టుకొస్తున్నది.

ఇంత దూరం ఎందుకు, మన ఆకేరే చూడుండ్రి. ఎండకాలం ఇసుకలో చెలిమె తీస్తే నీళ్లు ఊరుతయి గదా. గింజకూ గింజకూ నడుమ సందుల్ల వాననీళ్లు దాగి ఉంటయి. ఆ ఇసుక లోతుగా తోడినకాడ చెలిమె ఎండుతది, పక్క బాయిల నీళ్లు కిందికి పోతయి. పిల్లలూ, మీకొక పని చెప్తా. వానాకాలం ముందర పెద్దోళ్లను వెంట తీసుకుని వాగు కాడికి పోండి. ఒక పొడుగు సలాకకు బెత్తెడు బెత్తెడుకు గీతలు పెట్టి ఇసుకలో గట్టిగ పాతండి, ఎన్ని గీతలు బయట ఉన్నయో రాసుకోండి. వరద తగ్గినంక, మళ్ల పెద్దోళ్లతోనే పోయి చూడండి. వాగు ఎంత పోసింది, ఎంత తీసుకపోయింది, మీకే తెలుస్తది. ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు పోయిందో కూడా పక్కనే రాయండి. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, సముద్రం చూడకున్నా అండమానోడి బాధ మీకు సగం అర్థమైనట్టే. రాసుకొచ్చి నాకు చూపెట్టుండ్రి, లెక్క తప్పితే మళ్ల కూసోని చూద్దాం.